పాఠశాలయుఁ దల్లిదండ్రుల సంఘమును

బిడ్డను బడిలోఁ జేర్చుటతోనే తమ పని తీరినదని తలఁచు తల్లిదండ్రులు పెక్కండ్రు గలరు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము అట్లు తలఁపలేదు. ప్రభుత్వ పాఠశాలలకు నిర్వహణ సంఘము లుండవలెననియు, అందు నాలుగింట మూఁడుపాళ్లకుఁ దక్కువ కాకుండఁ దల్లిదండ్రులో సంరక్షకులో కావలెననియు, సభ్యులలో సగముమంది స్త్రీ లుండవలెననియు విధించినది. బడి నడుచు తీరును గనిపెట్టుట, వచ్చిన ధనము దేనికి వ్యయమైనదో విచారించుట, అభివృద్ధి ప్రణాళికను సిద్ధపఱచుట వీరి పనులు.

ఉపాధ్యాయులకుఁ గానరానివి తల్లులకుఁ గానవచ్చును. ఎదిగిన బాలిక బడి యేల మానెనో మేము హాజరుపట్టీలో వెదకుదుము. మరుగుదొడ్డికి తలుపు లేదని తల్లి యొక్కమాటలోఁ జెప్పును. మధ్యాహ్నభోజనమునఁ బప్పు పలుచనైన సంగతియు, ఆఁకలితో నిల్లు చేరిన బిడ్డవలన, మొదట నామెకే తెలియును.

అయినను పెక్కుచోట్ల సంఘము కాగితముమీఁదనే యున్నది. సమావేశము పగటివేళ నుంచినచోఁ గూలి చేసికొను తల్లికి ఒకదినపు కూలి పోవును. వచ్చినను, చదువురానిదానను నేనేమి చెప్పుదునని వెనుకఁ గూర్చుండి, వ్రేలిముద్ర వేసి వెడలిపోవును. ఇది యామె తప్పు గాదు, మాది. సమావేశము సాయంకాలము జరిపి, జమాఖర్చులు పైకిఁ జదివి వినిపించి, పిమ్మట మేము కొంతసేపు నోరు మెదపక కూర్చుండవలెను. అప్పు డామె మాటాడును.