కాగితపు పులిజూదం

పిల్లలూ! ఈ పాఠంలో మనం 3 పులులను, 15 మేకలను కాగితంతో చేద్దాం. వాటితో పులిజూదం ఆడదాం.

పులిజూదం తెలుగువారి పాత ఆట. ఆంధ్రదేశంలో కొన్ని గుళ్ళ మంటపాలలో రాతిమీద దీని గీతలు చెక్కి ఉన్నవి. మన పెద్దలు కాకినాడ, విశాఖపట్నం రేవులలో ఓడ ఎక్కి రంగూన్ వచ్చారు. మేస్త్రీల దగ్గర బయానా తీసుకొని బియ్యపు మిల్లులలో, ఓడరేవులో కూలిపని చేశారు. అటువంటి వారు ఆడుకోవడానికి తగిన ఆట ఇది. సుద్దముక్క, గులకరాళ్ళు ఉంటే చాలు.

మీరు ఉండే పబేడాన్ పేరుకు బర్మా భాషలో కమ్మరుల వరుస అని అర్థం. పనివాళ్ళ పేరు గల పేట ఇది. మనమూ పని మొదలుపెడదాం.

పటం: దుకాణాలవారు పారవేసే అట్టపెట్టె ఒకటి అడిగి తెచ్చుకోండి. 40 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. పొడవు గల అట్ట కత్తిరించండి. అడుగున 30 సెం.మీ. గీత గీయండి. దాని నడిమికి సరిగా పైన, 40 సెం.మీ. ఎత్తున ఒక చుక్క పెట్టండి. అది కొన. కొననుండి అడుగు గీతకు 4 గీతలు దించండి. అడుగున వాటి మధ్య దూరం 10 సెం.మీ. ఉండాలి. కొనకు 20, 27, 34 సెం.మీ. దిగువన 3 అడ్డగీతలు గీయండి. ఒక్కొక్కటి 36 సెం.మీ. ఉండాలి. వాటి చివరలను రెండు పక్కలా నిలువుగీతలతో కలపండి. గీతలు కలిసే చోట్లు లెక్కపెట్టండి. 23 వస్తే పటం సరిగా ఉన్నట్లే.

బొమ్మలు: 8 సెం.మీ. అడ్డం గల గుండ్రని బిళ్ళలు 2, 6 సెం.మీ. అడ్డం గలవి 8 దళసరి కాగితంతో కత్తిరించండి. ప్రతి బిళ్ళను రెండు సగాలు చేయండి. ఒక్కొక్క సగాన్ని వేరుశనగకాయల పొట్లంలాగా చుట్టి, గంజితో అంటించండి. పెద్దవి పులులు. వాటికి పసుపురంగు వేసి నల్లచారలు దిద్దండి. చిన్నవి మేకలు. వాటికి కాగితపు కొమ్ములు అంటించండి. రెండు రకాలలోను ఒక్కొక్కటి మిగులుతుంది. దాచుకోండి.

బర్మా పిల్లలు ఆడుకొనే పిట్టైంగ్డౌంగ్ బొమ్మను చూశారు కదా! అది కూడా కాగితపు పొరలతో చేసినదే. అడుగున బరువు ఉండడంవల్ల ఎలా పడవేసినా లేచి నిలబడుతుంది. మన బొమ్మల అడుగున కూడా కొంచెం మట్టి మెత్తి ఆరబెట్టండి. గాలికి పడిపోవు.

ఆట: ఒకరివి పులులు, ఒకరివి మేకలు. ఒక పులిని కొనమీద, రెండు పులులను మొదటి అడ్డగీత నడిమి చోట్లలో నిలపండి. మేకలవారు ఒకసారికి ఒక మేకను పెట్టాలి. తరువాత ఒక పులి గీత వెంట పక్క చోటికి కదులుతుంది. మేకకు అవతలి చోటు ఖాళీగా ఉంటే, పులి తిన్నగా దూకి మేకను తింటుంది. 15 మేకలూ పెట్టిన తరువాతనే మేకలు కదలాలి. అవి దూకరాదు. మూడు పులులకూ కదలడానికి దారి లేకపోతే మేకలు గెలిచినట్లు.

ఒంటిగా ఉన్న మేక పులికి చిక్కుతుంది. దాని వెనుక ఇంకొక మేక నిలిస్తే పులి దూకలేదు. బలం లేని మేకలు పులిని కట్టే ఉపాయం ఇదే. ఒక ఆట అయ్యాక పక్షాలు మార్చుకొని మళ్ళీ ఆడండి.

ప్రశ్నలు:
1. పటంలో ఎన్ని చోట్లు ఉన్నవి?
2. బొమ్మల అడుగున మట్టి ఎందుకు మెత్తాలి?
3. పులి ఏ మేకను తినలేదు? ఎందువల్ల?