మాసిపోతున్న మన అంగడి వీధులు

కేరమ్ డౌన్స్‌లో బౌండరీ రోడ్డు పక్కనున్న శివవిష్ణు ఆలయానికి 1994లో కుంభాభిషేకం జరిగింది. అప్పటినుంచి మన కుటుంబాలలో ఆదివారానికి ఒక పద్ధతి ఏర్పడింది. ఉదయం గుడి. అర్చన అయ్యాక ప్రసాదమో, క్యాంటీనులో దోసెయో. ఆ తర్వాత కారెక్కి ఇరవై నిమిషాల దారిలో డాండెనాంగ్, అక్కడ రైలు స్టేషను దగ్గరి ఫోస్టర్ వీధి. దేవుడి దగ్గర ఎంతసేపు నిలిచామో చెప్పలేము గాని, ఆ వీధిలో మాత్రం పొద్దుగూకే దాకా ఉండేవాళ్ళం. ఇంట్లో పిల్లలు విసుక్కునేవారు. కరేపాకు కొనడానికి మూడు గంటలా అని.

ఇప్పుడు ఆ వీధి గురించి ఎవరు మాట్లాడినా "అప్పట్లో" అనే మాటతోనే మొదలు పెడుతున్నారు. ఏ కొట్టు ఎక్కడ ఉండేది, ఎవరు తీసేశారు, ఎవరు ఎక్కడికి వెళ్ళారు అని గుడి మెట్ల మీద చర్చలు జరుగుతున్నాయి. అలాంటి వీధులు మన వాళ్ళ మధ్య ఎందుకు పుడతాయి, ఎందుకు పోతాయి అన్నది కొంచెం వివరంగా చెప్పుకుందామని ఈ వ్యాసం తలపెట్టాము. ఎందుకంటే మనకు ఇది మొదటిసారి కాదు.

ముందు డాండెనాంగ్ సంగతి. 1950లలో అక్కడ మూడు పెద్ద కర్మాగారాలు వెలిశాయి. ఒకటి ఇంటర్నేషనల్ హార్వెస్టర్, ఒకటి హైంజ్, ఒకటి జనరల్ మోటార్స్. యుద్ధం తర్వాత యూరప్ నుంచి వచ్చిన వలస కూలీలు వాటిలో పనికి కుదిరి ఆ చుట్టుపక్కలే ఇళ్ళు కట్టుకున్నారు. తరువాత ఇతర దేశాలవాళ్ళు వచ్చారు. 1987 మే 14న ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిన తర్వాత మన వాళ్ళు కుటుంబాలకు కుటుంబాలే బయలుదేరారు. 2000లో మళ్ళీ ప్రభుత్వాన్ని కూలదోశారు, మళ్ళీ బయలుదేరారు. చెరకు తోట కౌలు అయిపోయినవాళ్ళు, బడిపంతుళ్ళు, గుమాస్తాలు, దర్జీలు అందరూ అందులో ఉన్నారు. కొత్తగా వచ్చినవారికి మొదట కావలసింది తక్కువ అద్దె, స్టేషనుకు దగ్గర. ఫోస్టర్ వీధిలో పాత భవనాలు ఉన్నాయి, రైలు దిగితే ఎదురుగానే ఉన్నాయి. అలా ఆ వీధి 'లిటిల్ ఇండియా' అయింది.

అక్కడి కొట్లు చూడడానికి గొప్పగా ఉండేవి కావు. గుమ్మంలో బియ్యం బస్తాలు, లోపల పప్పుల సంచులు, గోడకు వేలాడే రంగు చీరలు, మూలన పెద్ద ఫ్రీజరు. ఆ ఫ్రీజరులో మన ఫిజీ ఉండేది. చేమదుంప, చేమాకు, కర్రపెండలం, కొబ్బరి కోరు. ఎదురుగా హిందీ సినిమాల కేసెట్లు, వారానికి అద్దెకు. గల్లాపెట్టె పక్కన టెలిఫోను కార్డులు. లంబాసాకు ఎన్ని నిమిషాలు, నాందీకి ఎన్ని నిమిషాలు అని అట్టముక్క మీద రాసి ఉండేది. ఇవన్నీ ఒక ఎత్తు, కొట్టువాడు గోడవారగా వేసిన బల్ల ఒక ఎత్తు. కొన్నవాళ్ళూ కొననివాళ్ళూ దాని మీదే కూర్చునేవారు. వేళకు వెళ్తే టీ కూడా దొరికేది.

ఆ బల్ల మీద జరిగిన ఒక సంగతి చెప్పాలి. మా కళ్ళ ముందు జరిగినదే.

లంబాసా నుంచి వచ్చిన ఒక అవ్వ చేమదుంపలు ఏరుకుంటూ తనలో తాను గొణుక్కుంటున్నది. పక్కన గుంటూరు వైపు నుంచి చదువుకు వచ్చిన అమ్మాయి ఉన్నది. "మామ్మగారూ, మీరు తెలుగువాళ్ళా?" అని ఆశ్చర్యపోయింది. "మరేమనుకున్నావే అమ్మాయీ!" అని అవ్వ దుంప కింద పెట్టి బల్ల మీద కూర్చున్నది. ఇద్దరి తెలుగూ ఒకటి కాదు. అవ్వ మాటల్లో సగం ఫిజీ హిందీ, మిగతా సగం వాళ్ళ అమ్మమ్మ ఓడలో తెచ్చుకున్న పాత మాటలు. అమ్మాయి మాటల్లో సగం ఇంగ్లీషు. అయినా గంటసేపు మాట్లాడుకున్నారు. మరుసటి ఆదివారం అవ్వ తన తాత గిర్మిట్ పాసు నకలు తెచ్చి ఆ అమ్మాయికి చూపించింది.

గిర్మిట్ పాసు అంటే ఏమిటో చిన్నవాళ్ళ కోసం చెబుతాము. మద్రాసు డిపోలో ఓడ ఎక్కించేటప్పుడు ప్రతి మనిషికీ ఒక కాగితం రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. 1879 నుంచి 1916 వరకు ఫిజీకి అరవై వేల మందికి పైగా వచ్చారు. దక్షిణాదివాళ్ళ రాక 1903లో మొదలైంది. ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల నుంచి మన వాళ్ళు వచ్చారు. ఆ పాసులు సువాలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. కాని ఊరి పేర్లను గుమాస్తాలు చెవికి వినబడినట్టు ఇంగ్లీషు అక్షరాలలో రాశారు. చదివితే ఏ ఊరో మనకు తెలియదు. అవ్వ కుటుంబం ఆ పేరును మూడు తరాలుగా తప్పుగా పలుకుతున్నది. ఆ అమ్మాయి రెండు మూడుసార్లు పైకి చదివి, నాలుక తిప్పి చూసి, "మామ్మగారూ, ఇది మా పెద్దమ్మ వాళ్ళ పక్క ఊరు" అన్నది. కొట్టులో ఉన్నవాళ్ళందరూ చుట్టూ చేరారు. అవ్వ ఆ పేరును సరిగా పలకడం నేర్చుకోవడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది.

ఏ సంఘమూ ఏర్పాటు చేసిన సభ కాదు అది. రెండు తెలుగులు ఒక ఫ్రీజరు దగ్గర తారసపడ్డాయి, అంతే. 2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 59 వేల మంది అని తేలింది. అందులో చాలామంది గత పాతికేళ్ళలో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవారు. వాళ్ళకు వేరే సంఘాలు, వేరే పండుగ సభలు. ఇంట్లో తెలుగు అడుగంటిన మన వాళ్ళు ఆ లెక్కలోకి రానే రారు. ఈ రెండు గుంపులనూ ఒకచోట నిలబెట్టింది కరేపాకు.

ఇక ఆ వీధి ఎందుకు మారిందంటే, కారణాలు రెండు రకాలు. ఒకటి సరుకుది. కేసెట్టు పోయి డిస్కు వచ్చింది, అదీ పోయింది. సినిమా ఇప్పుడు ఫోనులోనే ఉన్నది. వాట్సాప్ వచ్చాక టెలిఫోను కార్డు ఎవరికీ అక్కరలేదు. కరేపాకు, బాస్మతి బియ్యం పెద్ద సూపర్ మార్కెట్లలోనూ దొరుకుతున్నాయి. యంగోనా పొడి సంగతే చూడండి. ఒకప్పుడు ఫిజీ నుంచి వచ్చే చుట్టం సంచిలో మనిషికి రెండు కిలోలకు మించి తేవడానికి వీలుండేది కాదు. 2019 డిసెంబరులో నాలుగు కిలోలు చేశారు. 2021 డిసెంబరు నుంచి వ్యాపారానికే దిగుమతి అనుమతించారు. చుట్టం కోసం ఎదురుచూడడం తగ్గింది. సరుకు సులభమయ్యింది, బల్ల దగ్గరికి వెళ్ళే పని తగ్గింది.

రెండోది నేలది. ఇదే ముఖ్యమని మా అభిప్రాయం. 2005లో విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం డాండెనాంగ్ నడిబొడ్డును బాగుచేస్తామని 29 కోట్ల డాలర్ల పథకం ప్రకటించింది. అందులో భాగంగా నేలను, భవనాలను సేకరించింది. అలా మన కొట్టువాళ్ళలో చాలామంది ప్రభుత్వ సంస్థకు అద్దెదారులయ్యారు. 2022లో ఒక ప్రైవేటు నిర్మాణ సంస్థతో కలిసి సుమారు 60 కోట్ల డాలర్ల పథకం ప్రకటించారు. ఎత్తయిన భవనాలు, ఆఫీసులు, ఇళ్ళు అన్నారు. వీధిని బాగుచేయడం తప్పని మేము అనము. వానకు కారే పైకప్పు కింద వ్యాపారం చేయడం ఎవరికీ సరదా కాదు. కాని స్వల్పకాలపు అద్దె ఒప్పందం మీద ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి గోడకు సున్నం వేయించడు, కొత్త అల్మరా కొనడు, కొడుకును కొట్టులో కూర్చోబెట్టడు. పడగొట్టేవాడు రాకముందే కొట్టు పాతబడిపోతుంది. అప్పుడు చూసినవాళ్ళు "ఎలాగూ పాడుబడ్డ వీధే కదా" అంటారు.

ఇలా జరగడం మన చరిత్రలో కొత్త కాదని మొదట అన్నాము. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో గ్రే వీధి ఉండేది. 1860 నుంచి 1911 వరకు లక్షా యాభై రెండు వేల మంది నెటాల్‌కు గిర్మిట్ కూలీలుగా వెళ్ళారు. వారిలో తెలుగువారు వేలమంది. గిర్మిట్ తీరినవాళ్ళు కూరగాయలు పండించి ఆ పక్కనే విక్టోరియా వీధిలో అమ్ముకునేవారు. గుజరాతీ వర్తకుల బట్టల కొట్లు, జుమ్మా మసీదు, అవలాన్, షాజహాన్ సినిమా హాళ్ళు, రొట్టెను తొలిచి లోపల కూర నింపి అమ్మే హోటళ్ళు. విక్టోరియా వీధిలో పంపీ నాయుడు నడిపిన గుడ్‌విల్ లౌంజ్‌లో 1950లలో జాజ్ సంగీతం వాయించేవారు. నల్లవారికి, భారతీయులకు, తెల్లవారికి వేరువేరు తలుపులు పెట్టిన ఆ దేశంలో రంగు చూడకుండా కూర్చోబెట్టిన బల్లలవి.

ఆ వీధిని కొట్టింది బుల్డోజరు కాదు, చట్టం. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. 1960లలో చాట్స్‌వర్త్, 1970లలో ఫీనిక్స్ అనే కాలనీలకు మన వాళ్ళను తరలించారు. 1973లో గ్రే వీధిని భారతీయుల వ్యాపారానికి మాత్రమే వదిలారు, నివాసానికి కాదు. అదే ఏడు పాత విక్టోరియా వీధి మార్కెట్టు అగ్నికి ఆహుతి అయింది. కొత్త భవనం రావడానికి 1990 దాకా పట్టింది. పగలు వ్యాపారం, రాత్రి తాళం. పైఅంతస్తులో కాపురం లేని వీధికి సాయంత్రం ఉండదు. 1976లో టెలివిజను వచ్చింది, సినిమా హాళ్ళకూ రోజులు దగ్గరపడ్డాయి. 2008లో వీధికి డాక్టర్ యూసుఫ్ దాదూ పేరు పెట్టారు. మంచి పేరే. అయినా డర్బన్ పెద్దలు ఇప్పటికీ గ్రే స్ట్రీట్ అనే అంటారు.

సువాలో కమింగ్ వీధి మనకు ఇంకా దగ్గరది. నుబుకలౌ వాగు పక్కన పూడ్చిన నేల మీద వేసిన వీధి. 1920లలో అక్కడ యంగోనా కొట్లు, కూర భోజనం పెట్టే హోటళ్ళు వరసగా ఉండేవి. 1923లో మంటల్లో కాలింది, మళ్ళీ కట్టుకున్నారు. 1940ల వరకు ఊరి మార్కెట్టు అక్కడే. యుద్ధకాలంలో సైనికులు వచ్చి వింత వస్తువులు కొనడం మొదలు పెట్టాక భోజన హోటళ్ళ స్థానంలో బహుమతుల కొట్లు, ఆ తర్వాత సుంకం లేని రేడియోలు, కెమెరాలు అమ్మే కొట్లు వచ్చాయి. మా తరంవాళ్ళకు గుర్తున్నది ఆ కెమెరాల వీధే. మా నాన్నల తరంవాళ్ళు దాన్నే కొత్త వింత అని తిట్టుకునేవారు.

ఒక్క విషయం గమనించండి. ఈ మూడు చోట్లా మన వాళ్ళలో చాలామంది ఇంకొకరి నేల మీద కూర్చున్నవాళ్ళే. చెరకు తోటల్లోనూ అంతే. ఫిజీలో 1976 చట్టం ప్రకారం 30 ఏళ్ళ కౌలు ఇచ్చారు. 1997 నుంచి ఆ కౌళ్ళు ఒక్కొక్కటిగా తీరిపోవడం మొదలైంది. కౌలు తీరినవాడు సువాకో, డాండెనాంగ్‌కో వచ్చి కొట్టు అద్దెకు తీసుకున్నాడు. అక్కడ మళ్ళీ కౌలే. గుడి మాత్రం అలా కాదు. కేరమ్ డౌన్స్‌లో నేల కొన్న తర్వాతే గోపురం లేచింది. అందుకే అది నిలబడింది. కాని కేరమ్ డౌన్స్‌లో రైలు స్టేషను లేదు. కారు నడపలేని అవ్వకు గుడి దూరం, రైలు దిగగానే ఉండే కొట్టు దగ్గర. గుడిలో ఆమె దణ్ణం పెట్టుకుని వెళ్తుంది. కొట్టులో ఆమె మాట్లాడేది.

గుడి క్యాంటీనులో బల్లలున్నాయి కదా అని మిత్రులొకరు అన్నారు. ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఒక మూల బల్లను తెలుగు మాట కోసం ఉంచుకుంటే బాగుంటుందని మా సూచన. ఉపన్యాసాలు వద్దు, మైకు వద్దు. పాసు నకళ్ళున్నవాళ్ళు తెచ్చుకోండి. ఆంధ్ర, తెలంగాణల నుంచి కొత్తగా వచ్చిన పిల్లలను పిలవండి. వాళ్ళకు ఊళ్ళ పేర్లు తెలుసు, మనకు పాత మాటలు తెలుసు.

ఫోస్టర్ వీధి పటం ఒకటి గీయడం కూడా మొదలు పెట్టాము. స్టేషను వైపు నుంచి వరసగా ఏ ఏడు ఏ కొట్టు ఎక్కడ ఉండేదో రాస్తున్నాము. సగం దాకా వచ్చి ఆగింది. మిఠాయి దుకాణం కేసెట్ల కొట్టుకు ఎడమ పక్కనా, కుడి పక్కనా అన్న దాని మీద మా పెద్దలిద్దరికి ఇంకా ఒప్పందం కుదరలేదు. ఒకాయన మూడు వారాలుగా రెండో ఆయనతో మాట్లాడడం లేదు. మీ ఇళ్ళలో పెళ్ళి చీరలు కొన్న రోజునో, దీపావళికి వెళ్ళిన రోజునో ఆ వీధిలో తీసిన ఫోటోలుంటే వెతకండి. మనుషుల వెనుక ఒక బోర్డు ముక్క కనబడినా చాలు, మాకు పంపండి.