వార్తల్లో పదం: యాంటెన్నా గెయిన్
తీగలేని అంతర్జాలమును దూరగ్రామములకు చేర్చు ప్రసంగము వచ్చినప్పుడెల్ల వినవచ్చు ‘యాంటెన్నా గెయిన్’ కొత్త శక్తిని సృజించునది కాదు. దశదిశల వ్యర్థముగా చెదరిపోవు రేడియోశక్తిని, టార్చిలైటు అద్దము వెలుగును కూర్చునట్లు, ఒక్క దిశకు కేంద్రీకరించు సామర్థ్యమే అది. సంకేతమును పంపుటయందెంతో గ్రహించుటయందును అంతే ఉపకరించును. దీని కొలత డెసిబెల్. 3 డెసిబెళ్లు పెరిగిన ఆ దిశలో శక్తి సుమారు రెట్టింపగును. అడ్డులేనిచోట దూరము రెట్టింపగుటకు 6 కావలెను. అయినను, సుమారు 40 కిలోమీటర్ల ఎడముగల నంద్యాల, ఆళ్లగడ్డల నడుమ నేరుగా సంకేతము నడుపదలచినవారికి గెయిన్ ఒక్కటియే చాలదు: భూమి వంపే నడిమధ్యమున 20 మీటర్లకు మించి అడ్డు నిలుచును; చెట్లు, కట్టడములు అదనము. కావున పెద్ద డిష్ కొనుటకంటె ముందు ఎత్తైన స్తంభము నిలుపవలెను.