పోరాట వీడియో ఆటల ప్రాథమికాంశాలు

పోరాట వీడియో ఆట అనగా ఇద్దరు ఆటగాళ్ళు చెరొక పాత్రను నడుపుతూ, నిర్ణీత సమయంలో ఎదుటి పాత్ర శక్తిని హరించటానికి తలపడే ఆట. 1984లో వచ్చిన కరాటే ఛాంప్ ఈ కోవలోని తొలి ఆటలలో ఒకటి. జపానుకు చెందిన క్యాప్‌కామ్ సంస్థ 1991లో విడుదల చేసిన స్ట్రీట్ ఫైటర్ 2 వీటికి నేటి రూపాన్నిచ్చింది. అందులోని ధాల్సిమ్ భారతీయ యోగి పాత్ర. తరువాత వర్చువా ఫైటర్ (1993), టెక్కెన్ (1994) త్రిమితీయ పోరాటానికి ప్రాచుర్యం తెచ్చాయి.

కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా కాంబోలను, అనగా మొదటిది తగిలితే మిగిలినవి తప్పించుకోలేని దెబ్బల వరుసలను, ముందుగా కంఠస్థం చేస్తారు. కాని మొదటి దెబ్బ తగలనిదే కాంబో మొదలవదు. ఆ దెబ్బను తగిలించటం, ఎదుటివారి దెబ్బను తగలనీయకపోవటం అనేవే ఈ ఆటకు పునాది.

మూలాంశాలు

* దూరం: తన దెబ్బ అందేంత దగ్గరగా, ఎదుటివారి దెబ్బ అందనంత ఎడంగా నిలవటం. ఎదుటివారి దెబ్బ గాలిలో పోయినపుడు వారు తేరుకునేలోపు కొట్టవచ్చు.
* కాచుకోవటం: స్ట్రీట్ ఫైటర్‌లో వెనుక దిశను నొక్కి ఉంచితే పాత్ర కాచుకుంటుంది. కాళ్ళపై దెబ్బలను కూర్చుని, పైనుండి పడే దెబ్బలను నిలబడి కాచుకోవాలి.
* త్రికోణ సంబంధం: కాచుకోవటం దెబ్బను ఆపుతుంది. కాచుకున్నవారిని పట్టి విసరవచ్చు. పట్టబోయేవారిని కొట్టవచ్చు. ఏ ఒక్కదానినే నమ్ముకున్నా ఓటమి తప్పదు.
* ఎగిరేవారిని ఆపటం: ఒకసారి ఎగిరిన పాత్ర సాధారణంగా దిశ మార్చుకోలేదు. కనుక గాలిలో ఉండగానే కొట్టవచ్చు.

కాలగణన

ఈ ఆటలలో అధికభాగం సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తాయి. వేగవంతమైన దెబ్బ 4 లేక 5 ఫ్రేములలో, అనగా సెకనులో పన్నెండవ వంతులోపే తగులుతుంది. కంటితో చూసి చేయి కదపటానికి మనిషికి సుమారు 12 నుండి 15 ఫ్రేముల కాలం పడుతుంది. కనుక చిన్న దెబ్బలను చూసి ఆపటం అసాధ్యం, వాటిని ముందుగా ఊహించాలి. నెమ్మదైన దెబ్బలను, ఎగరటాన్ని మాత్రం చూసి ఎదుర్కొనవచ్చు.

అంతర్జాలంలో ఆట

దూరం పెరిగేకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. విశాఖపట్నం నుండి టోక్యో దాదాపు 5,900 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. తీగ తిన్నగా ఉన్నా ఒకవైపు ప్రయాణానికే దాదాపు 2 ఫ్రేములు పడుతుంది. నిజానికి ఇంకా ఎక్కువ పడుతుంది. దీనిని కప్పిపుచ్చటానికి రోల్‌బ్యాక్ పద్ధతి వాడతారు. ఎదుటివారు ఏమి నొక్కుతారో యంత్రం ఊహించి ఆటను ముందుకు నడుపుతుంది. ఊహ తప్పితే వెనుకకు వెళ్ళి సరిచేస్తుంది. కనుక విశాఖవాసికి టోక్యో ఆటగాడికన్నా సమీప నగరాలవారితో అభ్యాసం మేలు.

అభ్యాసం

తొలిదశలో ఒకే పాత్రను ఎంచుకోవటం, ఒక్కొక్క మూలాంశాన్నే సాధన చేయటం, ఓడిన ఆటను తిరిగి చూసి ఏ దెబ్బకు ఎందుకు చిక్కామో గుర్తించటం ఉపయోగకరం.

పోటీలు

2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో స్ట్రీట్ ఫైటర్ 5 పతకాంశంగా ఉన్నది. భారతదేశం తరఫున మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ పాల్గొన్నారు. స్వర్ణ పతకం దక్షిణ కొరియాకు చెందిన కిమ్ గ్వాన్-వూకు లభించింది. అప్పటికి ఆయన వయస్సు 44 సంవత్సరాలు.