వేళ్లు ఎందుకు తెల్లబడతాయి?

డిసెంబరు నెలలో, తెల్లవారుజామున మందమర్రిలో మొదటి షిఫ్టుకు మోటారు సైకిళ్ల మీద బయలుదేరేవారిని మీరు చూసే ఉంటారు. చలిగాలికి వారిలో ఒకరి వేళ్ల కొనలు సుద్దముక్కల్లా పాలిపోయాయనుకోండి. గిల్లినా తెలియదు. కాసేపటికి నీలంగా మారతాయి. వెచ్చబడ్డాక ఎర్రబడి, మంటతో పోట్లు పెడతాయి. ఏమిటిది?

1862లో మారిస్ రేనో అనే ఫ్రెంచి వైద్యుడు తన పరిశోధనా వ్యాసంలో ఈ లక్షణాలను వర్ణించాడు. అందుకే దీనిని రేనో వ్యాధి అంటారు.

చలిలో ఒంటి వేడి బయటికి పోకుండా చర్మంలోని సన్నటి ధమనులు ముడుచుకోవడం అందరిలోనూ జరిగేదే. రేనో ఉన్నవారిలో ఈ బిగింపు మితిమీరుతుంది. నెత్తురు వేలి కొనకు దాదాపు చేరదు, అదే తెలుపు. మిగిలిన నెత్తురులో ప్రాణవాయువు తగ్గితే నీలం. ధమని తెరుచుకుని కొత్త నెత్తురు దూసుకొస్తే ఎరుపు. మీ గోరును ఐదు సెకన్లు నొక్కి వదలండి, వెంటనే రంగు తిరిగి వస్తుంది. చేతిని చల్లటి నీటిలో నిమిషం ఉంచి మళ్లీ నొక్కండి. ఈసారి రంగు రావడానికి ఎక్కువసేపు పట్టిందా? (మన చర్మం రంగు మీద తెలుపు అంత స్పష్టంగా కనబడదు. గోళ్లలోనూ, అరచేతి వైపూ చూడాలి.)

చాలామందిలో దీనికి వేరే జబ్బేదీ కారణం కాదు. ఆడవారిలో ఎక్కువ, తరచు 15-30 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఇబ్బందే గాని ప్రమాదం తక్కువ. అయితే గనుల ఊళ్లో మరో కారణాన్ని మరవరాదు. అది అదురు.

పేలుడు మందు పెట్టడానికి బొగ్గులోను, బోల్టులు బిగించడానికి పైకప్పులోను డ్రిల్లుతో రంధ్రాలు వేస్తారు. ఆ అదురు ఏళ్ల తరబడి చేతికి పాకితే వేళ్లలోని ధమనులు, నాడులు దెబ్బతినవచ్చు. 1918లో అమెరికా వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్‌లో గాలి సుత్తెలతో సున్నపురాయి చెక్కేవారిని పరీక్షించింది. ఉలి పట్టుకునే ఎడమచేయే ఎక్కువ దెబ్బతిన్నదని గమనించింది! బ్రిటన్ బొగ్గు కార్మికులకు దీనిపై నష్టపరిహారం రావాలని అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది మాత్రం 1998లో. ఎనభై ఏళ్లు పట్టిందన్నమాట.

మన వంటి వేడి ప్రాంతాల్లో వేళ్లు తెల్లబడటం తక్కువగా కనిపిస్తుంది. తిమ్మిరి, మొద్దుబారడం, చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోవడమే ముందు బయటపడవచ్చు. దానిని వయసు మీద పడిందని కొట్టిపారేయకూడదు.

ఏం చేయాలి? చేతులే కాదు, ఒళ్లంతా వెచ్చగా ఉండాలి. మొద్దుబారిన వేళ్లను నిప్పుసెగకు పెట్టరాదు, కాలినా తెలియదు. చంకల్లో పెట్టుకోవడం మేలు. బీడీ, సిగరెట్టు మానాలి, నికోటిన్ ధమనులను బిగిస్తుంది. డ్రిల్లు బిట్టు అరిగితే అదురు పెరుగుతుంది కనుక మార్చాలి. పిడిని అవసరానికి మించి బిగించి పట్టరాదు. మధ్య మధ్య చేతికి విశ్రాంతి కావాలి. చేతితొడుగులు వెచ్చదనమిస్తాయే గాని అదురును అంతగా ఆపవు. ధమనులను సడలించే నిఫెడిపిన్ వంటి మందులున్నాయి, వాటిని డాక్టరే ఇవ్వాలి.

వేళ్ల కొనలకు పుండ్లు పడినా, ముప్పై దాటాక మొదటిసారి కనిపించినా ఆలస్యం చేయరాదు. మీ ఇంట్లో డ్రిల్లు పట్టేవారుంటే, డాక్టరుతో ఏ మిషను, రోజుకు ఎన్ని గంటలు, ఎన్నేళ్లుగా అన్నది కూడా చెప్పమనండి.