బొగ్గు తీసిన నేల మీద ముందు గడ్డి, తర్వాతే చెట్టు

మన అరసికెరె చుట్టూ బొగ్గు లేదు. కానీ రాయచూరు కరెంటు కేంద్రానికి సింగరేణి బొగ్గు వస్తుంది, ఆ కరెంటు మన రాష్ట్రానిదే. అందుకే, తవ్వేసిన ఆ నేల ఏమవుతుందో మనకూ తెలియాలని ఇది రాస్తున్నాం.

ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు మీది మట్టీ రాయీ తవ్వి పక్కన గుట్టలు పోస్తారు. మణుగూరు, రామగుండం వైపు వెళ్ళినవారు చూసే ఉంటారు. లోపలి రాయి పైకొచ్చి, సారమున్న పైమట్టి అడుగున పూడిపోతే అక్కడ ఏదీ మొలవదు, వానకు గుట్ట కోసుకుపోతుంది. అందుకే పైమట్టిని ముందే వేరుగా తీసి, గుట్టను మెట్లుగా సరిచేశాక మళ్ళీ పరచాలి. ఏళ్ళకేళ్ళు కుప్పగా ఉంచితే అందులోని విత్తనాలు చచ్చిపోతాయి. మొదట గడ్డి, వెంపలి వంటి మొక్కలు మట్టిని పట్టాలి. తర్వాత తంగేడు, రేగు. ఆపైన వేప, కానుగ.

నీలగిరి నాటితే తొందరగా పచ్చగా కనబడుతుంది, లెక్కా చూపించుకోవచ్చు. (గుమాస్తాగిరీ చేసినవాళ్ళం, నాటినవి రాస్తారు, బతికినవి ఎవరు రాస్తారు?) దాని కింద గొర్రెకు మేత ఉండదు. పచ్చదనమని తెచ్చిన బళ్ళారి జాలి మన చెరువులను ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం.

గని తవ్విన నేలలో తిరిగి గడ్డి పెంచి, మేతకూ జీవాలకూ పనికొచ్చేలా చేయాలన్న షరతు లీజుల్లో పెట్టమని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. మన పక్క రాతి క్వారీల మాట పంచాయతీలో వచ్చినప్పుడు మీరూ అడగండి: పైమట్టి ఎక్కడ దాస్తున్నారు?