దయ్యము పట్టుట: చిత్రములోని వరుస, జీవితములోని వరుస

1973 డిసెంబరు మాసాంతమున అమెరికాలో "ది ఎగ్జార్సిస్టు" అను చలనచిత్రము విడుదలయ్యెను. పన్నెండేండ్ల బాలికకు దయ్యము పట్టుట, మతగురువులు దానిని వెడలగొట్టుట అందలి కథ. విలియం పీటర్ బ్లాటీ 1971లో వెలువరించిన నవలను విలియం ఫ్రీడ్కిన్ చిత్రముగా తీసెను. 1949లో ఒక అమెరికను బాలునికి భూతోచ్చాటనము జరిగినదని పత్రికలలో వచ్చిన వార్త ఆ నవలకు మూలము. తరువాత అనేక దేశములలో ఇట్టి చిత్రములు వచ్చినవి. తెలుగువారు చూచిన "రాత్రి" (1992), "మసూద" (2022) ఆ కోవలోనివే.

"ది ఎగ్జార్సిస్టు" కథ నడచిన వరుసను గమనింపవలెను. బాలిక ప్రవర్తన మారగనే తల్లి ఆమెను వైద్యుల కడకు తీసికొనిపోవును. మెదడులో దోషమున్నదని అనుమానించిన వైద్యులు మెడలోని రక్తనాళము ద్వారా మందు ఎక్కించి ఎక్స్‌రే చిత్రములు తీయుదురు; దోషమేమియు కనబడదు. మానసిక వైద్యులును చేతులెత్తిన పిమ్మటనే మతగురువు ప్రవేశించును. ప్రేక్షకుడు దయ్యమును నమ్మవలెనన్నచో ముందు వైద్యము ఓడిపోవలెను. అది కథకు కావలసిన ఏర్పాటు.

అనంతపురం పీఠభూమి పల్లెలలో ఈ వరుస తరచుగా తలక్రిందగును. అచ్చట మొదట వినబడు మాట "గాలి సోకింది" అనునదే. దిష్టి తీయుట, మంత్రించుట, తాయెత్తు కట్టుట, వేపమండలతో కొట్టుట మొదలైనవన్నియు ముగిసిన పిమ్మటగాని రోగి ఆసుపత్రి చేరని సందర్భములు కలవు. చిత్రములో వైద్యము ఓడిపోవును. జీవితములో వైద్యమునకు అవకాశమే దొరకదు. ఈ రెంటికి గల భేదము ఒక్కొక్కప్పుడు ప్రాణమంత విలువైనది.

తెరమీది లక్షణములు

ఆ చిత్రములోని భయానక దృశ్యములన్నియు పనివారి నేర్పువలన పుట్టినవే. బాలిక పడకగది దృశ్యములకై గదిని యంత్రములతో మిక్కిలి చల్లబరచిరి. అందువలన నటుల ఊపిరి పొగవలె కనబడినది. దయ్యపు గొంతు మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ అను వేరొక నటిది. వెనుకకు తిరిగిన తల బొమ్మది. బాలిక కక్కిన పచ్చని ద్రవములో బఠాణీ రసము కలదు.

అయినను భయము నిజమైనదే. ఆ చిత్రమును చూచిన పిమ్మట నిద్రలేమితోను, ఆందోళనతోను చికిత్సకు వచ్చిన నలుగురి వృత్తాంతము 1975లో ఒక అమెరికను వైద్యపత్రికలో వెలువడినది. ప్రేక్షకులలో అత్యధికులకు ఇట్టి బాధ కలుగదు. కాని ఒక సంగతి మాత్రము అందరి మనసులలో నిలిచిపోవును: దయ్యము పట్టినవారు ఎట్లుందురు అను రూపము. వెన్ను విల్లువలె వంగుట, గొంతు మారుట, ఎన్నడును లేని బలము వచ్చుట, తెలియని భాష మాటలాడుట. వీనిలో ఒక్కటియు శరీరధర్మమునకు వెలియైనది కాదు.

వెన్ను విల్లువలె వంగుటకు తెలుగులో పూర్వమునుండి ధనుర్వాతమను పేరు కలదు. గాయములో చేరిన సూక్ష్మజీవుల విషము నాడులకెక్కగా కండరములు బిగిసి దేహమట్లు వంగును. గొంతులో స్వరతంత్రులకు పైగా మరి రెండు మడతలు కలవు. వానిని బిగించి పలికినచో బాలిక కంఠమునుండియు బొంగురు ధ్వని వెలువడును. బలము సంగతియు ఇట్టిదే. మనుజుడు సాధారణముగా తన కండరముల శక్తినంతయు వినియోగింపడు. భయోద్రేకములందు ఆ అదుపు సడలును. నలుగురు పట్టి అణచుకొలది పెనుగులాట హెచ్చును.

ఇక తెలియని భాష. హిందూపురము, మడకశిర, రాయదుర్గము ప్రాంతములు కర్ణాటక సరిహద్దులోనివి. సంతలోను, బస్సులోను కన్నడము, ఉర్దూ నిత్యము చెవినబడుచుండును. ఎన్నడును కన్నడము మాటలాడని బాలిక మెదడులోను ఆ పలుకులు నిలిచియుండుట సహజము. పూనకములో అవి రెండు మూడు వెలువడినచో వినువారు మిగిలినది తామే పూరించుకొందురు.

రాత్రివేళ గుండెలమీద ఎవరో కూర్చున్నట్లు తోచి, కదలలేక, అరవలేక పోవుట పలువురు ఎరిగినదే. కలలు వచ్చు నిద్రలో మెదడు కండరములను సడలించి ఉంచును. ఆ సడలింపు తొలగకమునుపే మెలకువ వచ్చినచో కల కన్నులయెదుట నిలుచును, దేహము కదలదు. కొద్దిసేపటిలో అది దానంతట అదే పోవును.

ఆలస్యము చేయరాని రోగములు

దయ్యమని పొరబడు రోగములలో కొన్ని గంటలను లెక్కించునట్టివి. మెదడుకు సోకిన మలేరియా, మెదడువాపు రోగములలో జ్వరముతోపాటు సంధి ప్రలాపము, మూర్ఛలు వచ్చును. పిచ్చికుక్క కాటు సంగతి మరింత దారుణము. కాటువేసిన వారములకో నెలలకో రోగి నీటిని చూచి, గాలి తగిలినను బెదరి, వికారముగా ప్రవర్తించును. ఆ లక్షణములు కనబడిన పిమ్మట మరణము దాదాపు తప్పదు. కాటు పడగనే గాయమును పదిహేను నిమిషములు సబ్బునీటితో కడిగి, టీకా వేయించినచో ప్రాణము దక్కును. పాశ్చరు 1885లోనే ఆ టీకాను మనుజునకు వేసెను.

2007లో జోసెప్ డాల్మౌ అను వైద్యుడును ఆయన సహచరులును మరియొక రోగమును వివరించిరి. దేహరక్షణకై పుట్టిన ప్రతిరక్షకములే మెదడులోని గ్రాహకములపై దాడిచేయుట దీనికి కారణము. రోగులలో యువతులే ఎక్కువ. అకారణ భయము, లేనివి కనబడుట, వింత మాటలు, నోటి వికారములు, తరువాత మూర్ఛలు: చూచువారికి దయ్యమని తోచుటలో ఆశ్చర్యము లేదు. సకాలమున చికిత్స జరిగిన రోగులలో పలువురు కోలుకొనుచున్నారు.

అన్నిటికంటె తరచుగా కనబడునది మూర్ఛరోగము. మెదడులోని నాడీకణములు సుమారు 8,600 కోట్లు. అవి అల్పమైన విద్యుత్ స్పందనలతో పనిచేయును. వానిలో కొన్ని ఒక్కసారిగా క్రమముదప్పి స్పందించినపుడు మూర్ఛ వచ్చును. 1924లో జర్మను వైద్యుడు హాన్స్ బెర్గర్ తలపైనుండి ఆ విద్యుత్ తరంగములను నమోదుచేసెను. కణతల వెనుక భాగమున దోషమున్నచో రోగి పడిపోకుండనే శూన్యముగా చూచుట, లేని వాసన తోచుట, హఠాత్తుగా భయపడుట, బట్టలు పీకుకొనుట సంభవించును. క్రీస్తుపూర్వము 400 ప్రాంతముననే హిపోక్రటీసు సంప్రదాయమునకు చెందిన గ్రంథమొకటి ఈ రోగము దేవతలు పంపినది కాదని, మెదడునుండి పుట్టినదని చెప్పెను. చరకసంహిత దీనిని అపస్మారమనెను. ప్రపంచమున సుమారు 5 కోట్లమందికి ఈ రోగము కలదు. తగిన మందులు వాడినచో వారిలో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అయినను కుటుంబములు దయ్యమను మాటకే మొగ్గుచూపుటకు ఒక కారణము కలదు. దయ్యము వదలిపోవును, రోగమను పేరు మిగిలిపోవును. పెండ్లి కావలసిన బాలిక విషయమున ఈ భయము మరింత బలమైనది. హిందూ వివాహ చట్టములోనే మూర్ఛరోగము వివాహమునకు అడ్డంకిగా ఉండెడిది. 1999లో ఆ మాటను తొలగించిరి. చట్టము మారినను ఊరిమాట అంత త్వరగా మారదు.

మనసు పలుకు భాష

పూనకములన్నియు మెదడు రోగములు కావు. జాతరలో డప్పుల మ్రోతకు అమ్మవారు పూనినదని ఊగువారు ఆ వేళ గడువగనే ఇంటిపనిలో పడుదురు. అట్టి ఆచారమును వైద్యశాస్త్రము రోగమనదు. 2022లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ రోగవర్గీకరణమును అనుసరించి, ఆచారమునకు వెలుపల, ఇష్టము లేకుండ పదేపదే వచ్చి జీవితమును చెరచు ఆవేశమే రోగము.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియు ఈ నేలలో వేరుసెనగ పంట ఎండిన ఏడు మగవారు బెంగుళూరుకు వలసపోవుదురు. అప్పు, ఆకలి, నిద్రలేమి ఇంట మిగులును. అత్తమామలయెదుట నోరెత్తలేని కోడలు దయ్యపు నోటితో మాటలాడినచో అందరును వినుదురు. ఆమె నటించుట లేదు. భరింపరాని బాధను మనసు వేరుచేసి, మరియొకరి గొంతుతో పలికించుచున్నది. 1993 నాటి మలయాళ చిత్రము "మణిచిత్రతాళు", ఆ కథతో వచ్చి తెలుగున అనువాదమైన "చంద్రముఖి" (2005) దీనినే చూపినవి. అచ్చట దయ్యము లేదని చెప్పువాడు మానసిక వైద్యుడు. కాని తెరమీద ఒక్క రాత్రిలో నయమగు ఆ బాధకు జీవితములో మాటలు, ఓర్పు, ఇంటివారి సాయము, కొన్ని మాసముల కాలము కావలెను.

బడులలో ఇది అంటువ్యాధివలె వ్యాపించుటయు కలదు. 1962 జనవరి 30న నాటి టాంగన్యికాలోని కషాషా బాలికల పాఠశాలలో ముగ్గురికి ఆగని నవ్వు పట్టెను. క్రమముగా 159 మందిలో 95 మందికి వ్యాపించి, బడి మూయవలసివచ్చెను. ఒక బాలిక పడిపోగా చూచినవారు వరుసగా పడిపోవుట ఇట్టిదే. గాలి, నీరు, ఆహారములలో దోషము లేదని చూచుకొని, బాధితులను వేరువేరుగా, నిమ్మళముగా ఉంచినచో ఇది సాధారణముగా అణగిపోవును.

గుడియు, ఆసుపత్రియు

గుడిని, దర్గాను నమ్మువారిని పరిహసించుటవలన మేలు కలుగదు. తమిళనాడులోని ఒక గుడిలో బసచేసిన 31 మంది మానసిక రోగులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఆదరణగల ఆ ప్రశాంతస్థలమున వారి లక్షణములు దాదాపు 20 శాతము తగ్గినవని 2002లో ప్రకటించిరి. అచ్చట గొలుసులు, దెబ్బలు లేవు. దీనికి విరుద్ధమైనది ఆ రాష్ట్రములోని ఏర్వాడి ఉదంతము. 2001 ఆగస్టు 6న అచ్చటి ఆశ్రమమొకదానిలో అగ్నిప్రమాదము జరుగగా, గొలుసులతో కట్టబడియున్నందున తప్పించుకొనలేక 28 మంది మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగులను గొలుసులతో కట్టుటను నిషేధించినది.

పల్లెలో వైద్యము అందింపవచ్చునని చూపినదియు పొరుగుననున్న బళ్ళారి జిల్లాయే. 1985 నుండి బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ అచ్చటి ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకు, కార్యకర్తలకు మానసిక రోగముల చికిత్సలో శిక్షణ ఇచ్చెను. ఆ అనుభవము ఆధారముగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము ప్రారంభమయ్యెను. 2022 నుండి 14416 అను నంబరునకు టెలిఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును.

తరగతిలో విద్యార్థి మూర్ఛపోయినచో ఉపాధ్యాయుడు చేయవలసినది స్వల్పమే. చుట్టునున్న బల్లలను జరిపి, తలక్రింద మెత్తని బట్ట ఉంచి, పిల్లవానిని ప్రక్కకు ఒత్తిగిలజేయవలెను. చేతిలో తాళపుచెవులు పెట్టరాదు, నోటిలో ఏమియు దూర్చరాదు, కదలికలను అణచరాదు. గడియారము చూడవలెను: అయిదు నిమిషములలో ఆగనిచో, లేదా స్పృహ రాకమునుపే మరల వచ్చినచో, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. త్వరగా ఆగినను, అది మొదటిసారియైనచో వైద్యునికి చూపవలెను. అటుపిమ్మట తల్లిదండ్రులు గుడికి పోదుమన్నచో పోనీయవచ్చును. ముందు ఆసుపత్రి, తరువాత మ్రొక్కుబడి: ఈ వరుస నిలిచిన ఇంట మందుకును కాలము మిగులును, నమ్మకమునకును చోటు మిగులును.